టాలీ అయింది, ఇంకేం కావాలి?

లెక్కలు ఎంత నిజమని అడిగిన పాపానికి "బ్యాలెన్స్ షీటు టాలీ అయింది సార్, ఇంకేం కావాలి?" అని ఎదురు ప్రశ్న వేసే వ్యాపారులకు ఊరూరా పౌరసన్మానాలు జరిపించాలని ప్రభుత్వానికి సవినయంగా విన్నవిస్తున్నాను. బ్యాలెన్స్ షీటులో ఆస్తులు ఎప్పుడూ అప్పులు, మూలధనం (వ్యాపారంలో యజమాని సొమ్ము) కలిపినంత ఉంటాయన్న సమీకరణం ఇంటర్ కామర్స్ మొదటి ఏడాది పాఠం. 1,00,000 రూపాయలతో దుకాణం తెరిస్తే నగదు అంతే, మూలధనం అంతే. అందులో 20,000 పెట్టి బీరువాలు కొంటే నగదు తగ్గి ఫర్నిచర్ పెరుగుతుంది. 50,000 సరుకు అరువు తెస్తే ఆస్తులూ అప్పులూ చెరో 50,000 పెరుగుతాయి. ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసే జంటపద్దు పద్ధతిలో రాసినదేదైనా సరితూగక తప్పదు. అబద్ధమైనా రెండు చోట్లా రాస్తే చాలు.

ఉదాహరణకు ఒక బట్టల దుకాణం యజమానిగారి కూతురి పెళ్లిని పరిశీలిద్దాం. వ్యాపారం వేరు, యజమాని వేరు అని శాస్త్రం ఘోషిస్తున్నది కనుక, ఆయన తన దుకాణంలోనే పరాయివాడు. ఆ పరాయివాడు వియ్యపురాలిని వెంటబెట్టుకొని వచ్చి, మధ్యాహ్నం దాకా మడతలు విప్పించి, 40,000 రూపాయల పట్టుచీరలు కారెక్కించాడు. ధర చీటీలు చేత పట్టుకొని నిలబడ్డ గుమాస్తా "ఏ పద్దు కింద రాయమంటారండీ?" అని అడిగాడు. సొంతవాడకాల కింద రాసి సరుకునూ మూలధనాన్నీ తగ్గించాలని అతనికి తెలియక కాదు. "ప్రచారం ఖర్చు కింద రాయవయ్యా, పెళ్లికొచ్చిన ఆడవాళ్లంతా ఆ చీరలు చూడరూ?" అన్నారు యజమానిగారు. ఖర్చు కూడా లాభాన్ని తగ్గించి, ఆ దారిన మూలధనాన్నే తగ్గిస్తుంది కాబట్టి సమీకరణానికి వెంట్రుకవాసి తేడా రాలేదు. పెళ్లిపందిరి షాపు మరమ్మతుల్లోకి, విందు భోజనాలు సిబ్బంది సంక్షేమంలోకి చేరాయి. ఆ సిబ్బంది విందులో వడ్డన చేశారు గనుక ఇది పూర్తిగా అబద్ధమని కూడా అనలేము. లెక్క మాత్రం టాలీ అయింది, పన్ను ఎగిరిపోయింది.

పెద్దల సంగతి చెప్పనే అక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తమ బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని పేర్కొన్నారు. లేని డబ్బు ఆస్తుల్లో, రాని లాభం మూలధనంలో కూర్చున్నాయి. ఆడిటర్ల సంతకాలతో సహా ఆ బ్యాలెన్స్ షీట్లన్నీ చక్కగా టాలీ అయినవే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ దుకాణానికి పట్టుచీరలు నేసి ఇచ్చే మనిషి దగ్గరికి వస్తే నాకు నవ్వు రాదు. అతనికి ఇవ్వవలసిన 60,000 దుకాణం పుస్తకాల్లో "ఋణదాతలు" అనే గౌరవనామంతో ఉంది. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు, ఒప్పందం ఏమున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలనీ, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం పేరెత్తితే మరుసటి పండగకు ఆర్డరు ఉండదు కాబట్టి అతను నోరెత్తడు. నెలల తరబడి తిప్పించుకొని, చివరికి "అంచు రంగు తేలింది, 50,000కు సరిపెట్టుకో" అంటారు. సిగ్గులేని మాట అది! చీర ఏనాడో అమ్ముడుపోయింది, కొన్నావిడ మళ్లీ దుకాణం గడప తొక్కి ఫిర్యాదు చేయలేదు. గుమాస్తా ఆ 10,000ను "వచ్చిన డిస్కౌంటు" అని రాస్తాడు. అప్పులు 10,000 తగ్గాయి, మూలధనం 10,000 పెరిగింది, ఆస్తుల్లో ఒక్క రూపాయి కదలలేదు. మగ్గం మీద నడుము వంచిన కుటుంబం కష్టం ఒక్క కలంపోటుతో యజమానిగారి మూలధనమైపోయింది. గుమాస్తా కూడిక మరోసారి సరిచూసి, "టాలీ అయిందండీ" అన్నాడు.