నవ్వు నాలుగు విధాల చేటు

కంబోడియాలో నేను తొమ్మిది రోజులు ఉన్నాను. కోటీ డెబ్బై లక్షల మంది స్వభావం మీద తీర్పు చెప్పడానికి అంతకు మించిన అర్హత అక్కర్లేదు. నాలుగు రోజులు విదేశం చూసివచ్చి నలభై ఏళ్ళు దాని గురించి చెప్పుకున్న పెద్దలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ అధికారంతోనే అక్కడి ఖ్మేర్ ప్రజల మీద ఒక ఆక్షేపణ నమోదు చేస్తున్నాను. వాళ్ళు నవ్వుతారు. కారణం లేకుండా, పరిచయం లేకుండా, పూచీకత్తు అడగకుండా నవ్వుతారు.

మొదటిసారి సియెమ్ రీప్‌లో బస్సు దిగీ దిగగానే జరిగింది. చెరుకురసం బండి దగ్గర ఒకావిడ నన్ను చూసి నవ్వింది. నేను చొక్కా గుండీలు చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. జేబు తడుముకున్నాను. పర్సు ఉంది. ముక్కూమొహం తెలియని మనిషి నవ్వితే మన దగ్గర పెరిగినవాడికి తట్టే కారణాలు మూడే: బట్టల్లో ఏదో లోపం ఉంది, ఎదుటివాళ్ళకు అప్పు కావాలి, లేదా ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఆవిడకు ఈ మూడూ వర్తించలేదు. నేను చెరుకురసం కూడా కొనలేదు. అయినా ఆ నవ్వును ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

మన పెంపకం వేరు. తరగతిలో ఎవడైనా పెదవి కదిపితే "ఏమిటా ఇకిలింపు, మాకూ చెప్పు, మేమూ నవ్వుతాం" అని మాస్టారు లేవదీసేవారు. చెప్పాక ఆయన నవ్విన దాఖలా లేదు. నవ్వు నాలుగు విధాల చేటని సామెత. మయసభలో ద్రౌపది నవ్వబట్టే పద్దెనిమిది అక్షౌహిణులు మట్టిలో కలిశాయని హరికథల్లో విన్నాం. ఖ్మేర్లకు ఈ కథ తెలియదనడానికీ లేదు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన అంకోర్ వాట్‌లో, పడమటి వైపు గోడ దక్షిణ భాగమంతా కురుక్షేత్రం చెక్కి ఉంది. అంపశయ్య మీద భీష్ముడు కూడా ఉన్నాడు. ఏనుగులు, రథాలు, కాల్బలం అన్నీ చెక్కినవాళ్ళు ఆ యుద్ధం ఎందుకు వచ్చిందో మాత్రం మరిచిపోయారు. మరిచిపోయి ఊరుకోలేదు. కొన్ని దశాబ్దాల తరవాత ఏడో జయవర్మ బయోన్ ఆలయ గోపురాల మీద నాలుగు దిక్కులకూ పెద్ద పెద్ద ముఖాలు చెక్కించి, సుమారు రెండు వందల జతల పెదవులకు చిరునవ్వు పెట్టించాడు. ప్రభుత్వ ఖర్చుతో కట్టిన భవనం మీద నవ్వు! మన ప్రభుత్వ కార్యాలయాల గోడల మీదా నవ్వే ముఖాలుంటాయి, కాదనను. అయితే అవి ఐదేళ్ళకోసారి మారే అవకాశముంది. బయోన్‌లో ఎనిమిది వందల ఏళ్ళుగా అదే ముఖం.

ఇంతకీ ఆ నాలుగు విధాలేమిటో మన పెద్దలు విడమరిచి చెప్పలేదు. ఆ లోటు తీర్చడం నా బాధ్యత.

మొదటి చేటు హోదాకు. ఖ్మేర్ల నమస్కారాన్ని సంపియా అంటారు. దానికి ఐదు అంతస్తులు. ఈడువాళ్ళకు జోడించిన చేతులు ఛాతీ దగ్గర ఉండాలి. పెద్దవాళ్ళకు నోటి దగ్గర, తల్లిదండ్రులకూ గురువులకూ ముక్కు దగ్గర, రాజుకూ భిక్షువులకూ కనుబొమల దగ్గర, దేవుడికి నుదుటి దగ్గర. మనకూ అంతస్తులున్నాయి, కాని అవి మనిషిని బట్టి కాదు, ఆయన బల్ల మీద ఆగిన ఫైలును బట్టి. పని లేనివాడికి తల ఊపితే చాలు. ఎప్పటికైనా పని పడవచ్చనిపిస్తే ఒక చెయ్యి. సంతకం మిగిలి ఉంటే రెండు చేతులూ, నడుము కూడా. సంతకం అయిపోయాక ఫోను చూసుకోవడం. ఇంత శాస్త్రీయమైన పద్ధతి ఉన్నచోటి నుంచి వెళ్ళినవాడికి అక్కడి వ్యవహారం మింగుడుపడదు. నేను దిగిన గెస్టుహౌసు యజమానురాలు గదులు ఊడ్చే కుర్రాడిని చూసి ఎలా నవ్వేదో నన్ను చూసీ అలాగే నవ్వేది. నేను రోజుకు పదిహేను డాలర్లు కడుతున్నవాణ్ణి. వాళ్ళ డబ్బులో అరవై వేల రియెల్ అంటే నా స్థాయి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

పలకరింపుల సంగతి మరీ ఘోరం. దారిన పోయేవాణ్ణి పట్టుకుని "తౌ నా?" అంటారు. ఎక్కడికీ అని. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే పని చెడుతుందని, వాడు వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలని మన అమ్మమ్మలకు తెలుసు. అందుకే మనం "ఎందాకా?" అని పక్కనుంచి వస్తాం. ఒక జాతి మొత్తం పొద్దున లేచింది మొదలు ఒకరినొకరు ఎక్కడికని అడుగుతూ ఉంటే ఆ దేశంలో ఒక్క పనీ పూర్తికాకూడదు. అంకోర్ వాట్ ఎలా పూర్తయిందో పురావస్తువాళ్ళు పరిశోధించాలి.

రెండో పలకరింపు "ఞాం బాయ్ హౌయ్ నౌ?" బాయ్ అంటే అన్నం. అన్నం తిన్నావా అని. టుక్‌టుక్ నడిపే ఆయన పొద్దున్నే ఎక్కించుకుంటూ ఇలా అడిగేసరికి నా కళ్ళు చెమర్చాయి. కూడు గురించి అడిగి మనిషిని పలకరించే ఇంత ఉదాత్తమైన సంస్కృతి మన దేశంలో ఎక్కడా చూడలేదని డైరీలో రాసుకున్నాను. ఆయన ఫోటో తీసుకుని బంధువుల గ్రూపులో పెట్టాను. పదిహేను మంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఎవరి చేతులు ఏ ఎత్తులో ఉన్నాయో తేల్చుకోలేకపోయాను.

ఆ తరవాత ఆయన "ఆయు పొన్మాన్?" అన్నాడు. ఆయు అంటే మన ఆయువే. వయసెంత అని. పెళ్ళయిందా, పిల్లలెందరు అని కూడా అడిగాడు. ఇదేమిటి, మనవాళ్ళలాగే కూపీ లాగుతున్నాడే అని ప్రాణం లేచివచ్చింది. తెలిసింది వేరు. ఆ భాషలో ఎదుటివాణ్ణి వట్టి 'నువ్వు' అని పిలవరట. పెద్దవాడైతే బాంగ్, చిన్నవాడైతే ఓన్, పిన్ని వయసుదైతే మింగ్, తాతవయసు వాడైతే తా. బాంగ్ అంటే అన్నా కావచ్చు, అక్కా కావచ్చు. వయసు తేలితేనే గాని పిలుపు నోటికి రాదు. అంటే వాళ్ళు ఏ వరస పెట్టి పిలవాలో తెలుసుకోవడానికి అడుగుతారు. మనం వరస కలుస్తుందో లేదో తెలుసుకోవడానికి అడుగుతాం.

కాజీపేటలో రైలెక్కిన పెద్దమనిషిని తలుచుకోండి. "ఏ ఊరు?" అంటాడు. చెబుతాం. "అది ఇప్పుడుండేది, అసలు ఊరు?" చెబుతాం. "ఇంటిపేరు?" చెబుతాం. "అయితే ఫలానావారు మీకేమవుతారు?" ఏమీ కారంటాం. కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఖమ్మం దాటేలోగా తీర్పు వెలువడుతుంది. పులిహోర పొట్లం మన వైపు జరుగుతుంది, లేదా ఆయన ఒళ్ళోకి జరుగుతుంది. వయసు ఆయనెప్పుడూ అడగలేదు. ఆయన లెక్కకు అది అనవసరం. ఆ టుక్‌టుక్ ఆయన నన్ను తొమ్మిది రోజులూ బాంగ్ అనే పిలిచాడు, నా ఇంటిపేరు తెలుసుకోకుండానే. ఇంత అజాగ్రత్తగా అన్నదమ్ముల్ని పోగేసుకునే జాతి ఆస్తి పంపకాలు ఎలా చేసుకుంటుందో!

రెండో చేటు కడుపుకు. నా పెట్టెలో ఆవకాయ సీసా ఉంది. తెలుగువాడు పాస్‌పోర్టు మరిచిపోవచ్చుగాని అది మరవడు. గెస్టుహౌసు మింగ్‌కు ఉదారంగా ఒక ముక్క పెట్టాను. ఆవిడ తిన్నది. ముక్కు ఎర్రబడింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. నవ్వుతూ బాగుందన్నది. మర్నాడు మర్యాదకు మర్యాదగా నా ముందు ప్రహోక్ పెట్టింది. చేపలను ఉప్పులో మాగబెట్టి చేసే ముద్ద అది. వాసన వీధి చివర మలుపు తిరిగేదాకా తోడు వస్తుంది. ఎండుచేపల కూర వండుకునే ఊరి నుంచే వచ్చాను నేను. అయినా ఆ రోజు నాకు ఉపవాసమని చెప్పాను. ఏ వారం ఏ దేవుడికని ఆవిడ అడగలేదు. అదే మన ఇంట్లో అయితే "ఒక్క ముద్ద, నా మీద ఒట్టు" అని నోట్లో కుక్కేవాళ్ళం. మన ఆతిథ్యంలో ఉన్న బలప్రయోగం వాళ్ళకు ఇంకా అలవడలేదు.

ఈ విషయాలు ఫోనులో చెబితే మా బాబాయి కొట్టిపారేశారు. "వాళ్ళకు అవన్నీ మనం నేర్పినవేరా" అన్నారు. ఆయన వాదనకు బలం లేకపోలేదు. ఖ్మేర్ లిపికి మూలం పల్లవుల లిపి. వాళ్ళ రామాయణం రీమ్‌కేర్. స్నేహాన్ని మిత్తఫియాప్ అంటారు, మిత్రభావమన్నమాట. మనం మహాలయ పక్షం జరుపుకునే ఆ భాద్రపద బహుళంలోనే వాళ్ళు పదిహేను రోజులు ప్చుమ్ బెన్ అని పెద్దల పండగ చేస్తారు. ఆ బెన్ మన పిండమే. తెల్లవారకముందే విహారాల చుట్టూ తిరుగుతూ ఆకలిగొన్న ప్రేతాల కోసం అన్నం ముద్దలు చీకట్లోకి విసురుతారు. తీసుకునే ప్రేతం గోత్రమేమిటో విసిరేవాడు అడగడు. కాబట్టి స్నేహం కూడా మన సరుకేనని, ఓడలకెత్తి పంపామని బాబాయి సిద్ధాంతం. నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఉన్నదంతా ఎగుమతి చేయబట్టే ఇక్కడ నిల్వ లేదు.

నిజాయితీ కోసం ఒక మాట ఒప్పుకోవాలి. ఖ్మేర్ల మంచితనానికీ హద్దుంది, నేను దాన్ని కళ్ళారా చూశాను. అంచున గోరంత చిరిగిన డాలరు నోటు ఇచ్చి చూడండి. నవ్వు అలాగే ఉంటుంది, నోటు మాత్రం తిరిగి మీ చేతికొస్తుంది. ఇంకొకటి. వాళ్ళు నవ్విన ప్రతిసారీ సంతోషంతో నవ్వరు. దారి తెలియకపోయినా, మాట అర్థంకాకపోయినా, తప్పు చేసి సిగ్గుపడినా నవ్వే. ఒకరోజు టుక్‌టుక్ పొలాల మధ్య ఆగిపోతే ఆయన ఇంజను వైపు చూసి, నా వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మన ఆటో ఆయనైతే ముందు రోడ్డును, తరవాత పెట్రోలును, చివరికి నన్ను తిట్టి ఉండేవాడు. అందులో ఒక స్పష్టత ఉంటుంది. పైగా నేనక్కడ డాలర్లున్న చుట్టాన్ని. వాళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసులో నాకు పనిపడలేదు, వాళ్ళ గట్టు పక్కన నాకు పొలం లేదు. ఆ రెండూ ఉండి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేదేమో. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని మనవి.

మూడో చేటు గురించి రాజధాని ఫ్నామ్ పెన్‌లో ఆలోచించాను. అక్కడ తువోల్ స్లెంగ్ అని ఒకప్పటి పాఠశాల ఉంది. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పాలకులు దాన్ని జైలు చేశారు. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు సాగిన ఆ పాలనలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, అందరూ ఒకేచోట తినాలి, తినేది పలుచటి గంజి. ఒకరినొకరు 'మిత్' అని పిలుచుకోవాలి. మిత్ అంటే మిత్రుడు. స్నేహం ప్రభుత్వ ఉత్తర్వుగా అమలైన రోజులవి. తరగతి గదుల్లో వరసగా ఫోటోలున్నాయి, చంపబోయే ఖైదీలను జైలుకు తెచ్చినప్పుడే తీసి ఫైళ్ళలో పెట్టుకున్నవి. బయటికి వస్తే గేటు దగ్గర కొబ్బరిబొండాలు కొడుతున్న ముసలాయన నన్ను చూసి నవ్వాడు. ఆయన వయసు చూసి మనసులో తీసివేత చేశాను. 1975లో ఇరవై ఏళ్ళుంటాయి. ఏమడగాలో తెలియక, వచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి వాడి అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు.

మూడో చేటు ఏమిటో ఇప్పుడు గుర్తు రావడం లేదు. నాలుగోదానికి వెళదాం.

నాలుగో చేటు ప్రాణానికీ డబ్బుకూ. ఇది నవ్వుతూ పిలిచే వాళ్ళను నమ్మడం వల్ల వస్తుంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నారు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు తీసుకుని, మన కుర్రాళ్ళను సైబర్ మోసాల ముఠాలకు అప్పగించారని కేసు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, బంధించి, వీళ్ళ చేతే మన దేశంలోని వాళ్ళను మోసం చేయించారు. ఆ దేశంలో ఇలాంటి గుంపులు పెరగడానికి అక్కడి పాలకుల ఉదాసీనత ఎంత కారణమో చెప్పడానికి వేరే వ్యాసం కావాలి. నా దృష్టి కుర్రాళ్ళను విమానం ఎక్కించిన చేతుల మీద ఉంది. ఆ ఏజెంటు ఖ్మేర్ కాదు. ఊరు తెలిసినవాడు, భాష తెలిసినవాడు, బహుశా "తమ్ముడూ, నీ గురించి నేను చూసుకుంటాను" అన్నవాడు. మనవాళ్ళు నవ్వరని ఈ వ్యాసంలో పైన ఎక్కడైనా రాసి ఉంటే దాన్ని సవరించుకుంటున్నాను. అవసరమైనచోట బ్రహ్మాండంగా నవ్వుతారు.

తిరిగి వచ్చాక ఒక ప్రయోగం చేశాను. మా అపార్టుమెంటు లిఫ్టులో కనిపించిన ప్రతివారినీ చూసి వారం రోజులు నవ్వాను. మూడో అంతస్తు ఆయన "నెలవారీ చందా పెంచుతున్నారా?" అన్నాడు. ఐదో అంతస్తు ఆవిడ పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. సంఘం కార్యదర్శి మా ఆవిడకు ఫోను చేసి, నేను ఈసారి పోటీ చేస్తున్నానా అని నేరుగానే అడిగాడు. నాలుగో రోజు లిఫ్టు చెడిపోయింది. మిగిలిన మూడు రోజుల ప్రయోగం మెట్ల మీద జరిగింది. అక్కడ ఆయాసం వల్ల ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

నిన్న రాత్రి బయటి నుంచి వచ్చేసరికి పదకొండు దాటింది. ఈ వ్యాసానికి మొదటి వాక్యం ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ గేటు తోసుకుని లోపలికి నడిచాను. వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుని, నవ్వి, "అన్నం తిన్నారా సార్?" అన్నాడు.

"లిఫ్టు బాగయిందా?" అని అడిగాను.