డిశ్చార్జి కౌంటరు దగ్గర తేలే ధర

విజయవాడ సూర్యారావుపేటలో కానీ, గుంటూరు కొత్తపేటలో కానీ ఏదైనా పెద్ద ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగు కౌంటరు దగ్గర అరపూట కూర్చుంటే ఒక దృశ్యం దాదాపు రోజూ కనబడుతుంది. రోగిని ఇంటికి పంపవచ్చని డాక్టరు ఉదయమే రాసి వెళ్లి ఉంటారు. ఫ్లాస్కు, దుప్పటి, మందుల సంచి సర్దుకున్న బంధువులు మధ్యాహ్నం దాటినా కౌంటరు వంకే చూస్తూ ఉంటారు. చివరికి ఇన్సూరెన్సు డెస్కు నుంచి పిలుపు వస్తుంది: ‘అప్రూవల్ వచ్చిందండీ, మీరు కట్టాల్సింది యాభై ఏడు వేలు.’ పాలసీ అయిదు లక్షలది, బిల్లు రెండు లక్షలే; మరి ఈ యాభై ఏడు వేలు ఎందుకని ఇంటి పెద్ద నిలదీస్తాడు. డెస్కులో ఉన్న కుర్రవాడికి ఆ లెక్క విడమరచి చెప్పే తీరిక ఉండదు, ఏజెంటు ఫోను ఎత్తడు. నిజానికి ఆ జవాబు పాలసీ తీసుకున్న నాడే కాగితం మీద ఉంది. ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత అన్న రెండు అంకెలు చూసి సంతకం చేసే మన అలవాటే దానిని కనబడనీయలేదు.

ఆ లెక్కను ఇక్కడే వేసి చూద్దాం. అన్ని కంపెనీలూ ఒకే రకం షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించగా 2020 ఏప్రిల్ నుంచి అందుబాటులోకి వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీని తీసుకుంటే, అందులో గది అద్దె బీమా మొత్తంలో రెండు శాతానికి, అదీ రోజుకు 5,000 రూపాయలకు మించకూడదు. ఐసీయూకు ఆ పరిమితి 10,000. రోజుకు 8,000 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్న రోగికి గది అద్దె 32,000, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు వంటివి కలిపి లక్ష, మందులు 68,000, వెరసి రెండు లక్షల బిల్లు అయిందనుకుందాం. గదికి కంపెనీ ఒప్పుకునేది 20,000 మాత్రమే. చాలామంది కోత అంతటితో సరి అనుకుంటారు. కానీ పరిమితికి మించిన గది ఎంచుకుంటే, అదే నిష్పత్తిలో మిగతా ఖర్చులకూ కోత పడుతుంది. మందులకు మాత్రం మినహాయింపు. ఎనిమిది వేల గదికి అయిదు వేలే అర్హత కనుక లక్ష రూపాయల ఫీజులలో 62,500 మాత్రమే లెక్కలోకి వస్తుంది. అలా తేలిన 1,50,500 మీద ఈ పాలసీలో రోగి భరించవలసిన అయిదు శాతం వాటా మరో 7,525. మొత్తం మీద జేబులోంచి పోయేది 57,025 రూపాయలు. గది కొంచెం విశాలంగా ఉందని రోజుకు మూడు వేలు ఎక్కువ పెట్టుకున్నామనుకున్న కుటుంబానికి ఆ మూడు వేలు నాలుగు రోజులకు పన్నెండు వేలతో ఆగలేదు, దానికి మూడింతలకు పైగా మొత్తాన్ని మిగతా బిల్లులో కూడా కోసుకుపోయింది. అడ్మిషన్ వేళ గది ఎంచుకునేది సాధారణంగా రోగి పక్కన కంగారుగా నిలబడ్డ కొడుకో అల్లుడో. ఆ క్షణంలో పాలసీలోని గది అద్దె పరిమితి గుర్తుండే మనిషి అరుదు.

ఇలా రాయడం ఆరోగ్య సంజీవని మంచిది కాదని చెప్పడానికి కాదు. షరతులు తేటగా ఉన్న పాలసీలలో అది ఒకటి, కంపెనీ మారినా నిబంధనలు మారవు కనుక ధరను పోల్చుకోవడమూ తేలిక. గది పరిమితి, రోగి వాటా లేని పాలసీలూ మార్కెట్లో ఉన్నాయి, వాటి ప్రీమియం ఎక్కువ. తక్కువ ప్రీమియం కట్టి ఆసుపత్రిలో కొంత భరించడమా, ఎక్కువ కట్టి అక్కడ నిశ్చింతగా ఉండడమా అన్నది ఎవరి స్థోమతను బట్టి వారు తేల్చుకోవలసిన విషయం. అయితే ఇటువంటి ఎంపిక ఒకటుందన్న సంగతే కొనేవారిలో చాలామందికి తెలియడం లేదని మా అభిప్రాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తరవాత నీళ్లలో నానిన బండ్ల కాగితాలు ఆరబెట్టుకుంటూ, ఇంజన్‌కు బీమా వర్తిస్తుందా లేదా అని అప్పుడు వెతుక్కున్న వేలాది మంది అనుభవం ఈ నగరానికి ఇంకా పచ్చిగానే ఉంది. బండి విషయంలో అలా నేర్చుకున్నా నష్టం కొంతే. ఒంటి విషయంలో ఆ ఆలస్యానికి చెల్లించే మూల్యం వేరు.

ఎవరికి ఏ రక్షణ ఉందన్న దగ్గర కూడా గందరగోళం తక్కువేమీ కాదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం అర్హత ఉన్న కుటుంబానికి అతి పెద్ద అండ. దాని పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి 25 లక్షల రూపాయలకు పెంచారు. కానీ జాబితాలో ఉన్న చికిత్సలకే, అనుబంధ ఆసుపత్రులలోనే అది చెల్లుతుంది. బకాయిలు రాలేదని ఆ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని హెచ్చరించడం, ప్రభుత్వం కొంత విడుదల చేసి సర్దిచెప్పడం ఏ పార్టీ అధికారంలో ఉన్నా తప్పని తంతుగా మారింది. కార్డు చేతిలో ఉండి మంచం దొరకని రోగికి పరిమితి ఎన్ని లక్షలన్నది ఊరట కాదు. ఆటోనగర్ షెడ్లలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనంపై పనిచేసే కార్మికులకు, వారి సంస్థ పరిధిలోకి వస్తే, ఈఎస్‌ఐ అనే కార్మికుల ఆరోగ్య బీమా ఉంటుంది. వేతనంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఓపీ చికిత్సా మందులూ కూడా ఇచ్చే రక్షణ ఇంత చవకగా మరెక్కడా దొరకదు. అయినా చీటీల మీద జీతాలిచ్చి ఈఎస్‌ఐ ఎగ్గొట్టే యజమానులను కార్మిక శాఖ చూసీ చూడనట్టు వదిలేస్తే గుణదలలో ఆసుపత్రి ఉండీ ఆ కార్మికుడికి ప్రయోజనం లేదు.

ఇక 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ కింద రక్షణ కల్పించే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా దీనికి అర్హులే, ఆధార్‌లోని వయసే ఆధారం. ఇంట్లో పెద్దవారున్న ప్రతి కుటుంబం ముందు చేయించుకోవలసిన పని ఇది. ఖర్చు లేనిది కూడా.

వీటన్నిటికీ బయట మిగిలేది మధ్యతరగతి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి, విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో అద్దె దుకాణం నడిపే మనిషి, ట్యూషన్లు చెప్పే టీచరు, రెండెకరాలు కౌలుకిచ్చి ఊళ్లో స్థిరపడ్డ విశ్రాంత చిరుద్యోగి: వీరు పథకానికి పైన ఉంటారు, యజమాని ఇచ్చే గ్రూపు పాలసీకి దూరంగా ఉంటారు. ఐటీ కొలువులో పిల్లలున్న ఇళ్లలో వారి కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ మీద భరోసా పెట్టుకోవడం కనబడుతుంది. అది మంచిదే, మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వర్తించడం దాని బలం. అయితే ఉద్యోగం పోయిన నాడు అదీ పోతుంది. సరిగ్గా ఆ వయసుకు తల్లిదండ్రులకు షుగరూ బీపీ వచ్చి ఉంటాయి, కొత్త పాలసీ కోసం వెళితే కంపెనీలు ముఖం చాటేస్తాయి. గ్రూపు పాలసీ ఉన్నా సొంతంగా ఒక చిన్న పాలసీ తీసి ఉంచమని మేము అనడానికి కారణం ఇదే.

కుటుంబమంతటికీ కలిపి ఒకే మొత్తంతో తీసుకునే ఫ్లోటర్ పాలసీ చవకగా కనబడుతుంది, యువ దంపతులకూ పిల్లలకూ నిజంగానే చవక. కానీ దాని ప్రీమియాన్ని సాధారణంగా అందరిలో పెద్దవారి వయసును బట్టి నిర్ణయిస్తారు. అరవై అయిదేళ్ల నాన్నగారిని అందులో చేర్చగానే ముప్పై అయిదేళ్ల కొడుక్కీ పెద్దాయన లెక్కన ధర పడుతుంది. పైగా ఆయనకు ఒక ఆపరేషన్ అయితే ఆ ఏడాదికి మిగిలినవారి వాటా కూడా కరిగిపోతుంది. అందుకే పెద్దలకు విడిగా, తమకూ పిల్లలకూ విడిగా తీసుకోవడం చాలా ఇళ్లకు లాభం. బీమా మొత్తం పెంచుకోవాలంటే ఉన్న పాలసీనే రెట్టింపు చేయనక్కరలేదు: మొదటి అయిదు లక్షలు దాటిన ఖర్చును మాత్రమే భరించే సూపర్ టాప్-అప్ తక్కువ ప్రీమియానికే వస్తుంది. ఏడాది ఖర్చులన్నీ కలిపి పరిమితి దాటితే చాలా, లేక ఒక్కో అడ్మిషన్ విడిగా దాటాలా అన్నది మాత్రం కొనేముందు అడిగి తెలుసుకోవాలి. మొదటిది సూపర్ టాప్-అప్, రెండోది మామూలు టాప్-అప్; రెంటికీ తేడా అక్కడే ఉంది.

ధర విషయంలో ఒక ఊరట వచ్చిన మాట వాస్తవం. వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తివేశారు. 20,000 రూపాయల ప్రీమియానికి అంతకు ముందు 23,600 కట్టేవారు. తాము కట్టిన జీఎస్టీని సర్దుబాటు చేసుకునే వీలు (ఇన్‌పుట్ క్రెడిట్) కోల్పోయిన కంపెనీలు ఆ భారాన్ని మూల ప్రీమియంలోకి నెట్టకుండా చూడవలసిన పని నియంత్రణ సంస్థది. వృద్ధుల పాలసీల ప్రీమియాన్ని ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే తనను ముందుగా సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆ కట్టడి అరవై దాటని వారికి లేదు. ఆదాయపు పన్నులో 80డి పేరుతో తెలిసిన ఆరోగ్య బీమా ప్రీమియం మినహాయింపు, తమ కుటుంబానికి 25,000, వృద్ధ తల్లిదండ్రులకు 50,000 దాకా, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే దక్కుతుంది. కొత్త విధానంలోకి మారినవారికి ఏజెంటు ఇప్పటికీ ఆ ఆశ చూపుతుంటే నమ్మనవసరం లేదు.

చాలా క్లెయిములు తెగిపోయే చోటు ప్రపోజల్ ఫారంలో ఒక చిన్న గడి. షుగరు ఉందా, బీపీ ఉందా, ముందెప్పుడైనా ఆసుపత్రిలో చేరారా అన్న ప్రశ్నలకు ఏజెంటే ‘లేదు’ అని టిక్కులు పెట్టుకుపోవడం, ‘ఉందంటే ప్రీమియం పెరుగుతుందండీ’ అని నచ్చజెప్పడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఏడేళ్ల కిందటి షుగరు మందుల చీటీ డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కిన రోజున ఆ టిక్కు కంపెనీ చేతిలో ఆయుధమవుతుంది. నిజం చెబితే పోయేది కొంత కాలం మాత్రమే: పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగవలసిన వెయిటింగ్ పీరియడ్ ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు, 2024లో దానిని 48 నుంచి తగ్గించారు. అరవై నెలలు వరుసగా పాలసీ నడిపిన తరవాత, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిము తిరస్కరించే వీల్లేదు. శుక్లాల ఆపరేషను, హెర్నియా, మోకాలి చిప్పల మార్పిడి వంటివాటికి పాలసీ తీసుకున్న తొలి ఏళ్లలో వెయిటింగ్ పీరియడ్ ఉండడం మామూలే కనుక అవసరం పడ్డాక కొనే పాలసీ వాటికి పనికిరాదు. కంపెనీ మారదలచినవారు పాత పాలసీ గడువు తీరకముందే పోర్టబిలిటీ కింద మారితే అప్పటిదాకా నిరీక్షించిన కాలం లెక్కలో కలుస్తుంది. పాతది మానేసి కొత్తది కొంటే మళ్లీ మొదటికొస్తుంది.

కొనేవారి అజాగ్రత్తను ఎత్తిచూపి ఊరుకోవడం అన్యాయం. నగదు రహిత చికిత్సకు గంటలో, డిశ్చార్జి వేళ తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. సూర్యారావుపేట కౌంటర్ల దగ్గర మధ్యాహ్నాలు ఇంకా అలాగే గడుస్తున్నాయంటే ఆ గడియారాన్ని ఎవరూ చూడడం లేదన్నమాట. ఇన్సూరెన్సు ఉందా అని అడ్మిషన్ దగ్గర అడిగి, ఉందంటే ఒక ధర, లేదంటే మరో ధర చెప్పే ఆసుపత్రుల తీరు కూడా ప్రీమియాలు పెరగడానికి కారణమే. రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణకు 2002 నుంచే చట్టం ఉంది. ఆ చట్టం చేతిలో ఉండగా, గది అద్దె నుంచి ఐసీయూ వరకు ప్రధాన చార్జీలను తెలుగులో, గుమ్మంలోనే కనబడేలా రాయించడానికి జిల్లా వైద్యాధికారులకు అడ్డేమిటో ప్రభుత్వం చెప్పాలి.

పాలసీ షరతుల సారాంశ పత్రాన్ని కొనుగోలుదారు కోరిన స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. పాలసీ చేతికందిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే వీలూ ఉంది. ఆ నెల రోజుల్లో తెలుగు పత్రం అడిగి తెప్పించుకుని, గది అద్దె, రోగి వాటా, వెయిటింగ్ పీరియడ్ అన్న మూడు వరుసలైనా చదవాలి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి, నెలలోగా న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకు ఉంది. కానీ ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులను చూసే ఆ కార్యాలయం ఇప్పటికీ హైదరాబాద్‌లోనే ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటింది. యాభై ఏడు వేల కోత మీద వాదించదలచిన గుంటూరు వృద్ధుడికి వీడియో కాల్ విచారణ ఉందని చెప్పడం వేరు, ఎదుట కూర్చుని బిల్లు చూపించే అవకాశం ఇవ్వడం వేరు. విజయవాడలో అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఏర్పాటు చేసే దాకా, కనీసం నెలకోసారి ఇక్కడ విచారణలు జరిపించేలా రాష్ట్ర ప్రభుత్వమూ, ఎంపీలూ కేంద్ర ఆర్థిక శాఖను ఒత్తిడి చేయాలి.