సవరణ: కదలిక క్రియలన్నీ ‘ఎస్సెరె’తో రావు

ఇటాలియన్‌లో జరిగిపోయిన పనిని చెప్పే ‘పస్సాతో ప్రోస్సిమో’ గురించి రాస్తూ, కదలికను తెలిపే క్రియలన్నిటికీ ‘ఎస్సెరె’యే (‘ఉండు’ అనే క్రియ) సహాయక క్రియగా వస్తుందని మొన్న చెప్పాను. అది తప్పు. ‘వెళ్లాను’కు ‘సోనో అందాతో’ సరే (‘సోనో’ ఎస్సెరెకు ‘నేను’ రూపం). కానీ ‘నడిచాను’ అంటే ‘ఓ కమ్మినాతో’, ‘ప్రయాణించాను’ అంటే ‘ఓ వియజ్జాతో’, రెండూ ‘అవేరె’తోనే (‘కలిగి ఉండు’ అనే క్రియ; ‘ఓ’ దాని ‘నేను’ రూపం).

‘పరుగెత్తు’ సంగతి ఇంకా చిత్రం. గంటసేపు పరుగెత్తానంటే ‘ఓ కోర్సో’, ఇంటికి పరుగెత్తానంటే ‘సోనో కోర్సో ఆ కాజా’. గమ్యం చెప్పగానే సహాయక క్రియ మారిపోయింది చూడండి! అసలు కదలికే లేని ‘ఉండిపోయాను’ కూడా ‘సోనో రిమాస్తో’.

ఎస్సెరె వస్తే కర్తను బట్టి ప్రధాన క్రియ చివరి అచ్చు మారుతుందన్న మాట మాత్రం సరైనదే: ఆడవాళ్లు ‘సోనో అందాతా’ అనాలి. నన్ను నమ్మి ‘సోనో కమ్మినాతో’ అని నోట్సులో రాసుకున్నవాళ్లు క్షమించి, దిద్దుకోండి.