ఆ ప్రశ్నార్థకాన్ని వెంటనే తొలగించండి

ప్రాజెక్టులోని పనులకు తేదీలు, మనుషులు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్. అందులో ఆటో షెడ్యూల్ పద్ధతిలో, అంటే తేదీలను అదే లెక్కవేసే పద్ధతిలో, కొత్త పని ఒకటి చేర్చి, వ్యవధి గడిని ఖాళీగా వదిలేస్తే అది తనంతట తానే ‘1 రోజు?’ అని రాసుకుంటుంది. చివరన ఉన్న ప్రశ్నార్థకాన్ని గమనించారా? ‘ఇది నా ఊహ, నిజం తెలిసినవారు చెప్పండి’ అని యంత్రం వినయంగా ఒప్పుకోవడం అది. ఇంత నిజాయితీ కార్యాలయాల్లో చెల్లదు. అందుకే మేనేజరు చేసే మొదటి పని దాన్ని తీసేయడం. ‘1 రోజు?’ కాస్తా ‘1 రోజు’ అవుతుంది. కొత్తగా తెలిసిందేమీ లేదు, తెలియదన్న గుర్తు పోయిందంతే. దీన్నే ప్రణాళిక అంటారు.

ఈ సాఫ్ట్‌వేర్ తత్వమంతా ఒక్క సూత్రంలో ఉంది: పని = వ్యవధి × యూనిట్లు. పని అంటే మనిషి వెచ్చించే గంటలు. వ్యవధి అంటే మొదలైన నాటి నుంచి ముగిసే నాటి వరకు నడిచే పనిదినాలు. యూనిట్లంటే ఆ మనిషిలో ఎంత శాతం ఈ పనికి దక్కుతుందన్నది. క్లయింటు సంతకం తీసుకోవడానికి వ్యవధి 10 రోజులు, శ్రమ అరగంట కావచ్చు. రెండూ ఒకటి కావని ఒప్పుకున్నందుకు ఈ సాఫ్ట్‌వేర్‌కు నమస్కారం పెట్టాలి. మూడింటిలో ఒకదాన్ని కదలకుండా ఉంచి రెండోదాన్ని మారిస్తే, మూడోదాన్ని అదే లెక్కకట్టి ఇస్తుంది.

మన ఆఫీసులు దీన్ని మరింత సులభం చేశాయి. మూడూ కదలవు. తేదీ సంగతి అమ్మకాలవారు ఎప్పుడో మాట ఇచ్చేశారు, మనుషులు ఉన్నవారే, పని తగ్గదు. గణితం ఒప్పుకోకపోతే దాని దృక్పథంలోనే లోపం ఉన్నట్టు, శిక్షణకు పంపవచ్చు.

‘ఎఫర్ట్ డ్రివెన్’ అనే గడి ఒకటుంది. 80 గంటల పని ఒక్కరికి 10 రోజులు. ఆ గడిలో టిక్కు పెట్టి రెండో మనిషిని చేరిస్తే 5 రోజులకు దిగుతుంది. ఈ లెక్కన 80 మందిని కూర్చోబెడితే గంటలో ముగియాలి. కొత్తవారికి లాగిన్ రావడం, పాతవారు తమ పని ఆపి వారికి అన్నీ మొదటినుంచి చెప్పడం వంటివాటికి ప్రణాళికలో ఎవరూ ఒక వరుస కేటాయించరు కాబట్టి అవి జరగవు. జరిగితే దాని పేరు సమన్వయ లోపం.

ఒకే మనిషిని ఒకే వారంలో మూడు పనులకు నూటికి నూరు శాతం చొప్పున కేటాయించారనుకోండి. మనుషుల జాబితా అయిన రిసోర్స్ షీట్‌లో ఆ పేరు ఎర్రబడుతుంది. మితిమీరిన పనులను వెనక్కి జరిపి సర్దే లెవెలింగ్ మీట నొక్కితే ఎరుపు పోతుంది గానీ ముగింపు తేదీ పక్క నెలలోకి జారుతుంది. అందువల్ల ఆ మీట జోలికి ఎవరూ పోరు. నివేదికను నలుపు తెలుపులో ప్రింటు తీస్తారు.

ఇక ‘పూర్తయిన శాతం’. ఇది వ్యవధిని బట్టి లెక్కించేది; చేసిన గంటలకు వేరే శాతం ఉంది, దాన్ని చూసినవారు అరుదు. 10 రోజుల పనిలో 5 రోజులు గడిచాయంటే 50 శాతమని నింపేస్తారు, పని ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. అలా నడిచి నడిచి 90 శాతానికి చేరిన పని అక్కడే కాపురం పెడుతుంది.

అసలు పని గంటలు, ఏ రోజు ఎన్ని గంటలు చేశారో ఉద్యోగులే నింపే టైమ్‌షీట్ నుంచి వస్తాయి. శుక్రవారం సాయంత్రం, కింద క్యాబ్ హారన్ కొడుతుండగా, అయిదు గడుల్లో అయిదు ఎనిమిదులు పడతాయి. రాత్రి 11 దాకా కూర్చున్న సోమవారమూ 8, సర్వరు పడిపోయి మధ్యాహ్నమంతా టీ తాగిన బుధవారమూ 8. ఎక్కువ రాస్తే ‘అనుమతి ఉందా?’ అని అడుగుతారు, తక్కువ రాస్తే ఇంకేదో అడుగుతారు. రేపు మరో ప్రాజెక్టుకు అంచనా వేసేటప్పుడు ఈ కాకిలెక్కలనే చారిత్రక సమాచారమని తెరమీద చూపిస్తారు.

ఆలస్యాన్ని కొలవాలంటే మొదట అనుకున్న తేదీలను ఎక్కడో భద్రపరచాలి కదా, ఆ ఏర్పాటే బేస్‌లైన్. ఒక్కో ప్రాజెక్టుకు ఇలాంటివి 11 దాచుకోవచ్చు. తయారుచేసినవారి ఉద్దేశం ఏమిటో గానీ, మనవారికి అవి 11 క్షమాభిక్షలు. గడువు దాటబోయే ముందు రోజు పాతదాన్ని పక్కకు జరిపి, నేటి తేదీలనే ప్రధాన బేస్‌లైన్‌గా నిలిపితే వ్యత్యాసం సున్నా. పదకొండూ నిండితే కొత్త ఫైలు తెరిచి ‘రెండో దశ’ అని పేరు పెడతారు. మొదటి దశ సకాలంలో ముగిసినందుకు ఆ సాయంత్రమే కేకు కోస్తారు.