ఎందుకు అని అడగని అసిస్టెంట్‌ను ఎవరు నమ్ముతారు?

ఈ వారంలో అదే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట పాత ఆఫీసు గ్రూపులో, తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ల నుంచి, నిన్న రాత్రి మా బావగారి నుంచి. "ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా గౌరవం పొందడానికి 8 సూత్రాలు. బాస్‌కు నీడలా ఉండండి, గౌరవం దానంతట అదే వస్తుంది" అని పైన లావు అక్షరాలు, కింద రెండు గులాబీలు, ఒక దండం. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కానీ బావగారు దాన్ని వాళ్లమ్మాయికి కూడా పంపి, "పిన్నిని అడిగి ఇవన్నీ నేర్చుకో" అని రాశారట. ఆ పిల్ల పోయిన నెలే గచ్చిబౌలిలో ఈ ఉద్యోగంలో చేరింది. పదిహేడేళ్లుగా ఇదే పని చేస్తున్న నేను ఇక ఊరుకోలేను.

చిన్నవి ముందు పక్కన పెట్టేస్తాను. "నవ్వు ముఖంతో, పద్ధతైన బట్టల్లో ఉండాలి." ఏ ఉద్యోగానికైనా చెప్పే మాటే. "బాస్ కంటే పది నిమిషాలు ముందే సీట్లో ఉండాలి." ఉండండి, మంచిదే. "అతిథులకు కాఫీ ఇవ్వడం నామోషీ అనుకోవద్దు." నేనెప్పుడూ అనుకోలేదు.

నాలుగోది, "ఫోన్ 24 గంటలూ ఎత్తాలి." అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతూ పోతే అవతలివాళ్లకు అలవాటవుతుంది, అంతే. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సిన అవసరమే రాకుండా ముందే చూసుకోవడంలో ఉంది మన పనితనం. మార్చి నెలనే తీసుకోండి. అమెరికాలో ఆ నెల రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. లండన్‌లో ఆ పని చివరి ఆదివారం చేస్తారు. మధ్యలో రెండు మూడు వారాలు న్యూయార్క్‌కూ లండన్‌కూ తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. మన గడియారం అసలు కదలదు. న్యూయార్క్‌లో ఉదయం పదింటి కాల్ మనకు అప్పటిదాకా రాత్రి ఎనిమిదిన్నరకు ఉండేది, ఒక్కసారిగా ఏడున్నరకు వస్తుంది. ఇది తెలియక ఎంతమంది ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారో నాకు తెలుసు. అందుకే ఏటా ఫిబ్రవరి ఆఖరులో మూడు ఆఫీసులకూ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరి టైం ఎంత అని ఒక చిన్న పట్టిక పంపిస్తాను. ఇప్పుడు లండన్ వాళ్లు కొత్త కాల్ పెట్టుకునే ముందు నన్ను అడిగి పెట్టుకుంటున్నారు. గౌరవం అంటే నాకు తెలిసింది అదే.

ఇక అయిదోది. నా కోపమంతా దీని మీదే. "బాస్ ఏం చెప్పినా కాదనకూడదు, ఎందుకు అని అడగకూడదు. అడిగిన క్షణమే నమ్మకం పోతుంది."

నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం, సాయంత్రం 4:40. కొత్త నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్, ఫొటో మా సార్‌ది. "ముఖ్యమైన మీటింగ్‌లో ఉన్నాను, కాల్ చేయొద్దు. ఈ వెండర్‌కు వెంటనే 18 లక్షలు వెళ్లాలి. ఇది బయటికి పొక్కకూడదు" అని ఇంగ్లిషులో ఎనిమిది లైన్లు. నేను చదవడం పూర్తి కాకముందే అకౌంట్స్ కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే నా సీటు దగ్గరికి వచ్చాడు. అతనికీ అదే మెసేజ్. "మేడం, సార్ బాగా అర్జెంట్ అంటున్నారు. వివరాలన్నీ ఎక్కించేశాను. మీరు ఊఁ అంటే అప్రూవల్‌కు పంపేస్తా" అన్నాడు. మొహం నిండా చెమట.

ఆ టైంలో సార్ విమానంలో ఉన్నారు. 3:55 ఢిల్లీ ఫ్లైట్, బోర్డింగ్ పాస్ నేనే పంపాను. పైగా మా సార్ మెసేజ్ ఎప్పుడూ మూడు మాటలు దాటదు. "ఆగు, సార్ దిగాక అడుగుదాం" అన్నాను. ఆ గంటన్నరలో ఇంకో మూడు మెసేజ్‌లు వచ్చాయి. ఇంకా ఎందుకు పంపలేదని ఒకటి, సోమవారం నుంచి రానక్కర్లేదని ఒకటి. కుర్రాడు నా ఎదురు కుర్చీలోంచి లేవలేదు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది, నిజంగా ఏదైనా డీల్ చెడిపోతే ఏం చెప్పుకోవాలని. 6:20కి సార్ ఎప్పటి నంబరు కలిసింది. "నేనేం పంపలేదే!" అన్నారు.

ఇలాంటి మోసగాళ్లు పెట్టుబడిగా పెట్టేది మన భయాన్నే. కాదనని మనిషి, ఎందుకని అడగని మనిషి, బాస్ ఫొటో చూడగానే చేయి వణికే మనిషి వాళ్లకు కావాలి. ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి సరిగ్గా అలాంటి వాళ్లనే తయారు చేయమంటున్నాడు! అయిదో సూత్రం పాటించి ఉంటే ఆ 18 లక్షలు ఎవరు కట్టేవాళ్లు? రాసినాయన కడతాడా? ఫార్వర్డ్ చేసినవాళ్లు తలా కాస్త వేసుకుంటారా? డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా అందులో ఎక్కడా లేదు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతూ ఉంటుంది.

ఆ సోమవారం సార్ అకౌంట్స్ వాళ్లను పిలిచి, "నా పేరుతో డబ్బు మాట ఏదొచ్చినా ముందు మేడంని అడగండి" అన్నారు. ఎందుకు అని అడిగితే నమ్మకం పోతుందా? నాకు ఆ రోజే వచ్చింది.

ఆరోది, "బాస్ పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, డిజిటల్ సంతకం అన్నీ మీ దగ్గరుంటేనే మీరు ఆయనకు ఆప్తులు." ఆయన మెయిల్, క్యాలెండర్ చూడటానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అవుట్‌లుక్ మెయిల్‌లో ఆయన మనకు డెలిగేట్ యాక్సెస్, అంటే తన తరఫున చూసే అనుమతి, ఇస్తే మన లాగిన్‌తోనే చూడొచ్చు. ఇక డిజిటల్ సంతకం టోకెన్, అంటే కంప్యూటర్‌కు గుచ్చి సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది. అందులో ఉండే రహస్య కీ ఇతరుల చేతికి వెళ్లకుండా చూసుకోవాల్సింది ఎవరి పేరున ఉందో వాళ్లేనని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అది మన డ్రాయరులో ఉండి, రేపు ఏదో కాగితం మీద పడకూడని సంతకం పడితే మొదట ఎవరి వైపు చూస్తారు? మన వైపే.

ఏడోది, "మీటింగ్‌లో గోడలా ఉండాలి, చెవులూ నోరూ లేనట్టు." లిస్టెడ్ కంపెనీలో, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలో, పనిచేసేవాళ్లు దీన్ని నమ్మితే కొంప మునుగుతుంది. షేరు ధరను కదిలించే రహస్య సమాచారం అందే సెక్రటేరియల్ సిబ్బంది కూడా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి రహస్యం తెలిసి షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల కిందికి వస్తారు. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు బయటపెట్టిన 48 గంటల దాకా మన కంపెనీ షేరు మనం ముట్టుకోకూడదు. ఇన్‌సైడర్ ట్రేడింగ్ చేశారని తేలితే జరిమానా కనీసం 10 లక్షల నుంచి మొదలు. మనకు చెవులున్నాయని చట్టం గుర్తించింది. లేనట్టు ఉండమని ఒక పనికిమాలిన మెసేజ్ చెబితే వినాలా?

ఎనిమిదోది, "గౌరవం దక్కలేదంటే లోపం మీలోనే ఉంది." చదవగానే ఒళ్లు మండింది. ఫైలు విసిరికొట్టే బాస్ దగ్గర పనిచేసిన మనిషి ముందు ఈ మాట అనగలరా? లైంగిక వేధింపు దాకా వెళితే, పది మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది. లోపం నాలోనే ఉందేమో అని ఆలోచిస్తూ కూర్చుంటే ఆ మూడు నెలలూ గడిచిపోతాయి.

అయినా ఇందులో ఒక ముక్క నిజమని ఒప్పుకోవాలి. మొదటి ఆరేళ్లు ఎవరు అడిగినా "నేను జస్ట్ సార్ పీఏనండీ" అనేదాన్ని. ఆ "జస్ట్" నాకు ఎవరూ తగిలించలేదు, నేనే పెట్టుకున్నాను. ఆడిట్‌కు వచ్చే ఒక పెద్దావిడ ఒకరోజు కళ్లజోడు తీసి, "నువ్వు సర్దిన ఫైల్‌తోనే కదమ్మా నేను పని మొదలుపెడుతున్నాను, ఆ జస్ట్ ఎందుకు?" అని అడిగారు. మర్నాటి నుంచి ముందు పేరు, తర్వాత హోదా చెప్పడం అలవాటు చేసుకున్నాను. కొన్ని నెలలకు "సార్ పీఏ ఎక్కడ?" అనే మాట మా ఫ్లోర్‌లో తగ్గి, నా పేరుతో వెతకడం మొదలైంది.

ఈ పొద్దున బావగారి అమ్మాయికి ఫోన్ చేశాను. నాన్న పంపింది డిలీట్ చేసేయమన్నాను. రేపు వెళ్లగానే అకౌంట్స్ వాళ్లతో పది నిమిషాలు కూర్చుని, డబ్బు మాట ఏది వచ్చినా అంతకుముందే సేవ్ చేసుకున్న నంబరుకు తిరిగి కాల్ చేశాకే కదలాలని ఒక కాగితం మీద రాయించుకోమన్నాను. "కొత్తగా చేరాను కదా పిన్నీ, సార్ ఏమైనా అనుకుంటారేమో" అంది. ఆయన్నే అడిగి, ఆ కాగితం మీద ఆయన చేతే సంతకం పెట్టించుకోమన్నాను.