కోర్టులో కేసు పోతుంది, వీసాలో మిగులుతుంది

మనవాళ్లలో ఎవరైనా అరెస్టయ్యారని తెలిస్తే డల్లాస్ చుట్టుపక్కల మొదట వినిపించే సలహా ఒకటే: "గొడవ పెంచకు, ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్, నలుగురికీ తెలియకముందే బయటపడు." పరువు గుట్టుగా ఉంటే చాలన్న ఆరాటం అది. అమెరికా పౌరుడికి ఆ సలహా కొంతవరకు చెల్లుతుందేమో. ఎఫ్‌1 విద్యార్థి వీసా మీదో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీదో ఉన్నవాడికి ఇంతకన్నా ఖరీదైన సలహా లేదు.

కొలరాడో విహారానికి వెళ్లిన కుర్రాడు అక్కడి దుకాణంలో చట్టబద్ధంగా కొన్న గంజాయి గమ్మీల (నమిలే మిఠాయిల) డబ్బాతో టెక్సస్‌కు తిరిగి వచ్చాడనుకుందాం. ఇక్కడ 2 ఔన్సుల లోపు గంజాయి ఆకు దొరికితే క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న తరహా నేరం. అదే గంజాయి సారంతో చేసిన గమ్మీలైతే ఫెలొనీ, అంటే పెద్ద నేరం. పైగా తూకం వేసేది అందులోని మత్తుపదార్థాన్ని ఒక్కదాన్నే కాదు, చక్కెరతో, జెలటిన్‌తో సహా మొత్తం మిఠాయిని. 4 గ్రాములకు చేరితే అది రెండో డిగ్రీ ఫెలొనీ, శిక్ష 2 నుంచి 20 ఏళ్లు. రెండు మూడు గమ్మీలకే ఆ తూకం వచ్చేస్తుంది.

మొదటిసారి పట్టుబడినవాడి ముందు ప్రాసిక్యూటర్ పెట్టే బేరాల్లో ఒకటి డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే తీర్పును వాయిదా వేయడం. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణలో గడిపే కాలం) సజావుగా పూర్తి చేస్తే జడ్జి కేసు కొట్టేస్తారు. టెక్సస్ లెక్కలో అతను దోషి కాడు. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకున్నాడా, కోర్టు ఏ కొంచెం ఆంక్ష అయినా పెట్టిందా, అంతే చూస్తుంది. ఆ రెండూ ఉంటే దోషే. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి ఒకే ఒక్కసారి దొరకడం తప్ప, మాదకద్రవ్యాల నేరం ఏదైనా దేశం నుంచి పంపించడానికి చాలు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

అలాగని చేతులెత్తేయాల్సిన పనీ లేదు. 2019 నుంచి టెక్సస్‌లో 0.3 శాతం లోపు డెల్టా‌9 టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తుపదార్థం) ఉన్న హెంప్ (గంజాయి జాతికే చెందిన మొక్క) చట్టబద్ధం. దొరికింది హెంప్ కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమే. కారు ఆపడానికి, సోదా చేయడానికి పోలీసులకు తగిన కారణం ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఒప్పేసుకున్నవాడికి ఈ ప్రశ్నలేవీ మిగలవు. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి వస్తుందేమో క్లయింటుకు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు క్రిమినల్ లాయర్లను ఆదేశించింది. కాబట్టి ఒప్పుకోలు మీద సంతకానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

తాగి కారు నడిపిన కేసు (డీడబ్ల్యూఐ) తీరు వేరు. మొదటి డీడబ్ల్యూఐ ఒక్కటే ఉంటే సాధారణంగా దేశం నుంచి పంపరు. కానీ కోర్టు ఏమీ తేల్చకముందే, కేవలం అరెస్టు ఆధారంగా, అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. ఆ తర్వాత అమ్మానాన్నలను చూడటానికి హైదరాబాద్ వెళ్తే మళ్లీ వీసా స్టాంపింగ్, మధ్యలో కాన్సులేట్ సూచించిన డాక్టరు దగ్గర పరీక్షలు. కేసు కొట్టేసినా సరే, దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు అవుననే రాయాలి.

రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం దాటకపోతే ఫరవాలేదన్న ధీమా కూడా మనవాళ్లకు ఎక్కువ. టెక్సస్‌లో ఆ అంకె లేకపోయినా, మనసు మీదో శరీరం మీదో మామూలు పట్టు తప్పాడని రుజువైతే చాలు. రోడ్డు పక్కన మడమకు వేళ్లు ఆనిస్తూ తొమ్మిది అడుగులు వేయించి, వెనక్కి తిప్పి మళ్లీ నడిపించేది అందుకే. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఆఫీసరు యాస అర్థం కాక తడబడినా, వీడియోలో అది మత్తులాగే కనిపిస్తుంది. ఆ పరీక్షలు తప్పనిసరి కావు, మర్యాదగా వద్దనవచ్చు. శ్వాస పరీక్ష వద్దంటే మాత్రం లైసెన్సు 180 రోజులు పోయే ప్రమాదం ఉంది. దాన్ని సవాలు చేయడానికి నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులే గడువు. బంధువులతో తర్జనభర్జనల్లో ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇంకొకటి. పుట్టినరోజు విందులో రెండు పెగ్గులు వేసుకుని, వెనక సీట్లో పిల్లలను కూర్చోబెట్టుకుని ఇంటికి బయలుదేరే తండ్రులు. 15 ఏళ్ల లోపు పిల్లలు కారులో ఉంటే, అది మొదటిసారే అయినా, టెక్సస్‌లో ఫెలొనీ. వారికీ మంచి లాయరు దొరకాలనే అంటాను, అది వారి హక్కు. జాలి మాత్రం పిల్లల మీదే.

ఇక మన సంఘం సంగతి. ఉగాది వేడుకకు గాయకులను రప్పించడానికి ఎంత ఖర్చయినా వెనకాడం. అందులో కొంత తీసి, ఆ రాత్రి తాగినవారిని టాక్సీల్లో ఇళ్లకు పంపుదాం. క్రిమినల్, ఇమ్మిగ్రేషన్ లాయర్ల పేర్లు పక్కపక్కనే ఉన్న జాబితా ఒకటి సభ్యులందరికీ ఇద్దాం. టాక్సీలకు డబ్బు లేదంటే బార్ కౌంటరే తీసేయమని వచ్చే కార్యవర్గ సమావేశంలో అడగబోతున్నాను.