సవరణ: సక్కర్ ఫిష్‌ని చెరువుల వదలొద్దు

మొన్న అక్వేరియం పోస్టుల నేను తప్పు రాసిన. సక్కర్ ఫిష్ ట్యాంకుల పట్టకుంటే పక్కనున్న చెరువుల వదిలేయండి, నాచు తిని నీళ్లు సాఫ్ చేస్తది అని చెప్పిన కదా, అది ఎవ్వరూ చెయ్యకండి, ఇప్పటికే వదిలినోళ్లుంటే తప్పు నాదే.

నిన్న వడ్డేపల్లి చెరువు కాడ చేపలు పట్టే కాక ఒకాయన వల చూపించిండు, చెయ్యి పట్టేంత బొక్క. అది సక్కర్ ఫిష్ చేసిన పనే. దానికి ఒళ్లంతా గట్టి పెంకు, రెక్కలకు ముళ్లు, వలల పడ్డదంటే కోసి తియ్యాల్సిందే, తీసినంక ఎవ్వరూ కొనరు, గట్టు మీద పారేస్తే గంటలకొద్దీ కొట్టుకుంటనే ఉంటది (పొట్టతోని గాలి పీల్చుకుంటది మరి). దీన్నే దెయ్యం చేప అంటరు. పుట్టింది దక్షిణ అమెరికా నదులల్ల, మన దగ్గరికి అక్వేరియం షాపుల నుంచే వచ్చింది. షాపుల వేలంత ఉన్నది అడుగు దాటి పెరుగుతది, పైంగ గుడ్లు పెట్టనీకి కట్టల బొరియలు తవ్వుతది. మట్టి కట్టల చెరువులకు అంతకంటే ఏం కావాలె చెప్పుండ్రి!

గోల్డ్ ఫిష్‌ది కూడా అంతే, చిన్నదే కదా అనుకోకుండ్రి, అది గూడ పెరుగుతది, అడుగు బురద కెలుకుతది. సాకలేకపోతే షాపుకే వాపస్ ఇయ్యండి, లేదా పెద్ద ట్యాంకున్నోళ్లకు ఇయ్యండి.

ఇంకోటి, ఆ పోస్టులనే క్యాట్‌ఫిష్ బ్యాన్ అని రాసిన, అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మీద. మన నాటు క్యాట్‌ఫిష్, అదే మార్పు చేప, దాని మీద కాదు, అది బేఫికర్‌గ తినుండ్రి.